మంచం దిగిన మనిషి

అంబులెన్సు నడిపినవాణ్నని తెలియగానే కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. బండి ఎంత స్పీడ్ కొట్టేవాడివి అని. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. మనం చేరేలోపు అక్కడున్నవాళ్లు ఏమీ చెయ్యకుండా నిలబడితే, ఎంత వేగంగా పోయి ఏం లాభం? అందుకే నేను వేగంగా వెళ్లిన రోజుల ముచ్చట్లు ఎవరికీ చెప్పను. ఆలస్యంగా వెళ్లిన ఒక రోజు గురించి చెబుతాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ముసలాడి సోది అనుకోకుండా కాస్త ఓపిక పట్టండి.

నేను చాలా ఏళ్లు లారీ తోలాను. హైవే మీద ఏ దాబాలో పప్పు బాగుంటుందో అడగండి, భిక్నూర్‌తో మొదలుపెట్టి నాగ్‌పూర్ దాకా చెబుతాను. నడుము పట్టేసి, ఇంట్లోవాళ్ల పోరు పడలేక, తల నెరిసే వయసులో అంబులెన్సు ఉద్యోగంలో చేరాను. అక్కడ డ్రైవర్‌ను పైలట్ అంటారు. ఆ సంగతి విని నా భార్య కడుపుబ్బ నవ్వింది. ఎద్దులబండి కూడా సరిగ్గా తోలని వంశంలో పైలట్ పుట్టాడని చుట్టాలందరికీ చెప్పింది. మొదట కామారెడ్డిలో ఉన్నాను, తర్వాత ఎల్లారెడ్డిలో వేశారు. తెలంగాణ వచ్చిన ఏడాది దాకా అక్కడి సర్కారు దవాఖానా ఆవరణలోనే మా బండి నిలబడేది.

బండిలో ఇద్దరమే ఉంటాం. ముందర నేను. వెనక రోగిని చూసుకునే ఉద్యోగం ఒక అమ్మాయిది. అందరూ సిస్టర్ అనేవాళ్లు, నేనూ అదే పేరుతో చెబుతాను. జుక్కల్ దిక్కు పిల్ల. కోపం వస్తే కన్నడం మాట్లాడేది, ఇంకా కోపం వస్తే మరాఠీ. మనిషి మరీ బక్కపలచన. మొదటి రోజు చూసి, ఈ పిల్ల స్ట్రెచర్‌ను మోస్తుందా, స్ట్రెచరే ఈ పిల్లను మోస్తుందా అని పక్కనున్న వాచ్‌మన్‌తో అన్నాను. ఆమె వింది. ఆ మధ్యాహ్నమే నా చేత తవుడు బస్తా ఒకటి కొనిపించి, దవాఖానా వెనక షెడ్డులోకి నా చేతే మోయించింది.

ఆ బస్తా ఎందుకో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కామారెడ్డిలో మాకు ట్రైనింగ్ ఇచ్చారు. మనిషి గుండె ఆగిపోతే ఛాతీ మధ్యలో అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, బలంగా, ఆపకుండా నొక్కుతూ ఉండాలి. అలా నొక్కితే గుండె చెయ్యాల్సిన పని మన చేతులు చేస్తాయి, మెదడుకు రక్తం అందుతూ ఉంటుంది. ఇదంతా ప్లాస్టిక్ బొమ్మ మీద నేర్పారు. స్టీరింగ్ పట్టేవాడికి బొమ్మలాటలు ఎందుకని నేను వెనక వరసలో కూర్చుని కునికిపాట్లు పడ్డాను. సిస్టర్ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

"కాకా, శ్వాస సంగతి నేను చూసుకుంట. నొక్కుడు నీదే. నీకు రాకపోతె నేనొక్కదాన్ని ఏదేది చెయ్యాలె?" అంది.

పిలుపు రాని మధ్యాహ్నాలన్నీ నాకు ఆ బస్తాతోనే గడిచేవి. నా మోచేతులు వంగితే స్కేలుతో తట్టేది. నా కూతురి వయసు పిల్ల. దవాఖానాకు వచ్చిన రోగులు షెడ్డు దగ్గర నిలబడి, పైలట్ సారు బస్తాను ఎందుకు గుద్దుతున్నాడని ఒకరినొకరు అడిగేవాళ్లు. సిగ్గుతో చచ్చేవాణ్ని గానీ, పని మాత్రం వచ్చేసింది.

ఒక ఎండాకాలం పగటిపూట పెద్ద రైతు ఇంటి నుంచి పిలుపు వచ్చింది. పెద్దమనిషికి గుండెల్లో నొప్పి. మేం గడప దాటుతుండగానే ఆయన శ్వాస ఆగింది. నవారు మంచం మీద ఉన్నాడు, చుట్టూ కొడుకులు, కోడళ్లు. సిస్టర్ నాడి చూసి, కిందికి దించండి అంది.

ఆ మాటతో ఇల్లంతా గొల్లుమంది.

మా దిక్కు సంగతి తెలియనివాళ్లకు ఇది అర్థం కాదు. మనిషిని మంచం మీద పోనివ్వకూడదని పెద్దల మాట. ఇక ఆశ లేదని తేలితే నేలమీదికి దించి, నోట్లో తులసి నీళ్లు పోస్తారు. కిందికి దించారంటే అయిపోయినట్టే. ఆ మాట అనడానికి కూడా ఊళ్లో ఒక పెద్దమనిషి ఉంటారు, వాళ్లు చూసి చెప్పందే ఎవరూ దించరు. అలాంటిది ఎక్కడి నుంచో వచ్చిన బక్కపిల్ల గడప దాటగానే దించమంటే ఎవరు ఊరుకుంటారు? మా బాపు ఇంకా బతికే ఉన్నాడని పెద్దకొడుకు మంచానికి అడ్డం నిలబడ్డాడు. గట్టిగా ఉండే నేల మీదే నొక్కాలని సిస్టర్ చెబుతూనే ఉంది. ఆ ఏడుపుల్లో ఎవరికీ వినబడలేదు.

చేసేది లేక మంచం మీదే నొక్కాం. నేను ఎంత బలంగా నొక్కితే నవారు అంత కిందికి పోయింది, మళ్లీ పైకి వచ్చింది. ఆయన ఛాతీ మాత్రం అణగలేదు. మంచం ఊగుతోంది, నేను ఊగుతున్నాను, పని జరగడం లేదు. చివరికి ఊరి పెద్దాయన ఒకరు వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి తల ఊపాడు. అప్పుడు నలుగురూ పట్టి కిందికి దించారు.

తిరిగి వచ్చేటప్పుడు సిస్టర్ వెనక కూర్చోకుండా నా పక్క సీట్లోకి వచ్చింది. బండి ఊరు దాటింది. తర్వాత అంది. "దించనే దించిండ్రు గద కాకా. గదే పని మనం పోంగనే చేస్తె అయిపోతుండె."

ఈసారి ఎవడు అడ్డం వచ్చినా నేనే లాగి పడేస్తానని అన్నాను. లారీ రక్తం కదా. లాగితే మనల్ని తన్ని పంపిస్తారని, తప్పు వాళ్లది కాదని, వాళ్లు మనిషిని కాపాడుకోవడానికే దించనివ్వలేదని చెప్పింది. అది చెబుతూ కళ్లు తుడుచుకుంది. నాకు ఆ రోజే ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. ఓడిపోయి వచ్చినవాళ్లు ఎదుటివాణ్ని తిడతారు. నేనైతే దారి పొడుగునా తిట్టాను కూడా.

అప్పటి నుంచి ఆమెకు ఒక పిచ్చి పట్టుకుంది. ఏ ఊళ్లో రోగిని ఎక్కించుకున్నా, ఎవరిని కలిసినా, మీ ఊళ్లో మనిషిని దించమని చెప్పేది ఎవరు అని అడిగేది. వినేవాళ్లు బిత్తరపోయేవాళ్లు. అపశకునం మాటలు అడుగుతుందని ఒకరిద్దరు కసురుకున్నారు కూడా. అలా అడిగి అడిగి, ఎల్లారెడ్డికి పడమరనున్న ఒక చిన్న పల్లెలో ఒక అవ్వ దగ్గరికి చేరింది.

అవ్వ బీడీలు చేసేది. ఆ వాడలో ఆడవాళ్లందరిదీ అదే పని. పొద్దున ఇంటిపని తెమలగానే అరుగు మీద వరసగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు చుట్టి దారం కడతారు. ఇరవై ఐదు బీడీలు కలిపితే ఒక కట్ట. నోరు ఊరి ముచ్చట్లన్నీ మాట్లాడుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం లెక్క తప్పవు. ఆ అవ్వ మాటంటే ఆ పల్లెలో అందరికీ హడల్. మనిషి అరికాళ్లు ముట్టి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, "ఇగ దించుండ్రి" అంటే దించాల్సిందే.

సిస్టర్ వెళ్లి పక్కన చాప మీద కూర్చుంది. పాఠం చెప్పలేదు. మనిషి పోయేది నీకెట్లా తెలుస్తది అవ్వా, నాకు నేర్పు అంది. అవ్వకు ముచ్చట వేసింది. అరికాళ్ల సల్లదనం గురించి, కళ్ల గురించి, ముక్కు గురించి చాలా చెప్పింది. సిస్టర్ అంతా శ్రద్ధగా విని, నేనూ ముక్కు దగ్గరే చూస్తానంది. తర్వాత అసలు మాట అడిగింది.

"దించినంక ఏం చేస్తరవ్వా?"

"ఏం చేస్తం? నీళ్లు పోస్తం, ఏడుస్తం."

"ఏడ్సుడు ఎటూ ఉన్నదే. అప్పటిదాంక పాణం మంచిగున్న మనిషి కూలవడితె, ఏడ్సేముందు జరసేపు నొక్కుండ్రి. లేస్తె లేస్తడు. లేకుంటె అప్పుడు ఏడుద్దురు."

అవ్వ చాట పక్కన పెట్టి, నేను దించినంక లేచినోడు ఇంతవరకు లేడు, నా మాటకు ఎదురు చెప్తవా అని మమ్మల్ని అరుగు దింపింది. నేను బతుకుజీవుడా అని బండి తాళం తీశాను. సిస్టర్ మళ్లీ వారం వెళ్లింది. ఆ తర్వాత కూడా వెళ్లింది. బీడీ చుట్టడం నేర్పమని అడిగింది. ఆమె చుట్టిన బీడీ చూసి వాడంతా నవ్వింది. దాన్ని తాగితే నిప్పు ముక్కుకే అంటుకుంటుందని అవ్వ అంది. నవ్వించినవాళ్లను ఎవరైనా ఎంతకాలం కసురుకుంటారు?

చివరికి ఒక మధ్యాహ్నం అవ్వే అడిగింది, ఎక్కడ నొక్కాలె చూపెట్టు అని. నేను పాత ట్యూబుకు గోనెసంచి చుట్టి తీసుకెళ్లాను. నోట్లో నోరు పెట్టి ఊదడం మావల్ల కాదని ఆడవాళ్లు మొహమాటంగా చెబితే, అది వదిలేయండి, మేం వచ్చేదాకా నొక్కడం ఆపకపోతే చాలంది సిస్టర్. ఒకరే నొక్కితే అలిసిపోతారు, అలిసిన చేతులు లోతుకు పోవు, అందుకని రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. గడియారం చూసేది ఎవరు? ఒక నడివయసు ఆమె, ఎన్నిసార్లు నొక్కితే రెండు నిమిషాలని అడిగింది. రెండొందలు అని చెబితే, గంతేనా, ఎనిమిది కట్టలు అంది. అంతే, అదే లెక్క అయిపోయింది. ఒకరు నొక్కుతుంటే మిగతావాళ్లు కట్టలు లెక్కపెడతారు, ఎనిమిదో కట్ట కాగానే చేతులు మారతాయి. ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు వింటే మురిసిపోయేవాళ్లు.

ఇదంతా చూస్తూ నాకు నమ్మకం మాత్రం కుదరలేదు. ట్యూబు మీద ఎవరైనా నొక్కుతారు. నిజంగా ఇంట్లో మనిషి పడిపోయి, తల్లీ పెళ్లామూ మీదపడి ఏడుస్తుంటే, అవ్వ దించమంటుందా? అన్నా, నొక్కనిస్తారా? మంచం మీద పోయిన ఆ పెద్ద రైతు ఇల్లే నాకు గుర్తొచ్చేది. సిస్టర్‌తో ఆ మాటంటే, చూద్దాం కాకా అనేది. చూడాల్సి రావద్దనే ఇద్దరం కోరుకున్నాం.

తెలంగాణ కోసం జనం రోడ్ల మీదే వంటలు చేసి, రోడ్ల మీదే తిన్న ఏడాది అది. ఒక పగటిపూట పిలుపు వచ్చింది. మోటరు దగ్గర కరెంటు కొట్టింది, మనిషి పడిపోయాడు. ఊరి పేరు విని సిస్టర్ నా మొహం చూసింది. అవ్వ వాళ్ల పల్లె.

బండి తీశాను. కొంత దూరం పోయేసరికి కూడలిలో వంటావార్పు. మా సైరన్ వినగానే జనం పరుగెత్తుకొచ్చి రాళ్లు పక్కకు జరిపారు, ఉడికే డేగిసాను నలుగురు ఎత్తి పక్కన పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ వాళ్ల వెనక లారీలు, చెరుకు ట్రాక్టర్లు రెండు వరసల్లో ఇరుక్కుపోయి ఉన్నాయి. ఒకటి కదిలితే గానీ ఇంకొకటి కదలదు. కుర్రాళ్లు ట్రాక్టర్లను భుజాలతో తోశారు. నేను ఇరవై ఏళ్లుగా ఎవరినీ తిట్టనన్ని తిట్లు ఆ లారీవాళ్లను తిట్టాను. ఫోన్ చేసినవాళ్లకు సిస్టర్ తిరిగి చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆమె రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. తల ప్రాణం తోకకొచ్చి, ఎలాగో ఒక సందు దొరికి బయటపడ్డాం.

పల్లెలోకి మలుపు తిరగ్గానే వాకిట్లో జనం కనిపించారు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి చూశాను. ఖాళీ మంచం ఒక పక్కకు నిలబెట్టి ఉంది. మనిషి నేలమీద ఉన్నాడు.

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఇన్నేళ్లుగా చూసిన కళ్లు కదా. అయిపోయింది, దించేశారు అనుకున్నాను. సైరన్ ఆపేశాను. సిస్టర్ అప్పటికే తలుపు తీసుకుని దూకింది. నేను బరువుగా దిగాను. అప్పుడు వినబడింది, ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో లెక్కపెడుతున్నారు.

జనాన్ని తోసుకుని చూస్తే, పడిపోయినవాడి తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని నొక్కుతున్నాడు. మోచేతులు నిటారుగా ఉన్నాయి. చెమట కారి ముక్కు మీంచి పడుతోంది. తలాపున అవ్వ. ఆరో కట్ట, ఏడో కట్ట. ఎనిమిది అనగానే, "లెవ్వు, నువ్వు రా" అని ఇంకొకణ్ని ముందుకు లాగింది. తమ్ముడు పక్కకు ఒరిగేలోపే రెండోవాడి చేతులు ఛాతీ మీద ఉన్నాయి.

జరిగింది తర్వాత తెలిసింది. మోటరు బావి ఇంటి వెనకే. భార్య కేక విని తమ్ముడు పరుగెత్తి ఫ్యూజు లాగేశాడు. నలుగురు పట్టి తెచ్చి వాకిట్లో మంచం మీద వేశారు. కరెంటు కొట్టినవాణ్ని ఇసుకలో పాతాలని ఒకడు, ఉల్లిగడ్డ వాసన చూపాలని ఇంకొకడు. తల్లి కొడుకు మీద పడి ఉంది. అవ్వ వచ్చి అరికాళ్లు ముట్టింది, ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది, దించండి అంది. ఆ మాట విని ఊరంతా శోకం ఎత్తుకుంది. తల్లి అవ్వ కాళ్లు పట్టుకుంది, నా కొడుకును దించకు అని. అవ్వ ఆమె తల నిమిరి గట్టిగా అందట.

"పోయేటందుకు గాదు బిడ్డా. ఏడ్సుడు ఆపి కట్టలు లెక్కవెట్టు."

ఆ తల్లి లెక్కపెట్టింది. మేం వెళ్లేసరికి ఆడవాళ్లలో ఆమె గొంతే పెద్దగా వినబడుతోంది. నేను ఆ ఉద్యోగంలో చూసిన ధైర్యాలన్నింటిలో అదే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను.

మా బండిలో గుండెకు షాక్ ఇచ్చే చిన్న మిషన్ ఉండేది. సిస్టర్ దాని అతుకులు అతని ఛాతీకి అతికించి, అందరినీ దూరం జరగమంది. ఒకసారి షాక్ ఇచ్చింది. వెంటనే నేను నొక్కాను. అవ్వ నాకు కూడా కట్టలు లెక్కపెట్టింది, నా చెయ్యి నెమ్మదిస్తే కసిరింది. మళ్లీ షాక్ ఇచ్చాం, మళ్లీ నొక్కాం. దింపుడు కళ్లం ఆశ అంటారే, నాకు అదీ పోయింది. ఇంకా నొక్కుతుండగా నా అరచేతుల కింద అతని ఛాతీ తనంతట తాను లేచింది. సిస్టర్ మెడ మీద వేళ్లు పెట్టి, నా చెయ్యి పట్టి ఆపింది. నాడి ఉంది. ఆమె నాడి ఉందని చెప్పిందో లేదో, తల్లి మట్టిలో కూలబడి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

కామారెడ్డి దాకా సిస్టర్ వెనక ఒక్క క్షణం కూర్చోలేదు. అక్కడి డాక్టరు చూసి, పక్కటెముక ఒకటి విరిగింది, ఎవరు నొక్కారో గానీ బాగా నొక్కారు అన్నాడు. ఊరివాళ్లని చెబితే నమ్మలేదు. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. కళ్లు తెరిచాడని, మంచినీళ్లు అడిగాడని మర్నాడు కబురు వచ్చింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నొక్కితే అందరూ లేస్తారని అనుకుని ఈ ఉద్యోగంలోకి రాకండి. మేం నొక్కినవాళ్లలో పోయినవాళ్లే ఎక్కువ. వీడు వయసులో ఉన్నాడు, కరెంటు దెబ్బ తప్ప వేరే జబ్బు లేదు, అన్నిటికీ మించి పడ్డ కాసేపటికే ఆ చేతులు దొరికాయి.

ఆ కబురు చెప్పడానికి అవ్వ దగ్గరికి వెళ్లాం. ఒక్కతే అరుగు మీద ఉంది, ఒళ్లో చాట. నేను పొగడ్తలు మూటకట్టుకుని పోయాను. బతికాడు అవ్వా, మీ పల్లె పేరు కామారెడ్డి దవాఖానాలో మోగిపోతోంది అన్నాను. అవ్వ తల ఊపింది గానీ నవ్వలేదు. ఆకు కత్తిరించబోయి ఆగిపోయింది. సిస్టర్ వైపు చూసి అడిగింది.

"మా ఇంటాయన దున్నుకుంట దున్నుకుంట కూలవడ్డడు బిడ్డా. నేనే దించుమన్న. నీళ్లు వోసిన. గప్పుడు నొక్కితె లేస్తుండెనా?"

ఏదో ఒకటి చెప్పి ఓదార్చు అన్నట్టు సిస్టర్‌ను చూశాను. లేవకపోయేవాడు అవ్వా అంటే సరిపోయేది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. చాప మీద అవ్వ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నాకెర్క లేదవ్వా. నాకు సుత ఒకాయన ఉన్నడు. మంచం మీదనే నొక్కిన. రోజూ యాదికొస్తడు."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. అవ్వ కళ్ల వెంబడి నీళ్లు చాటలో పడ్డాయి, తుడుచుకోలేదు. నేను ఇవతలికి వచ్చి బండికి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడే ఫోన్ మోగింది. పక్క మండలంలో ఎవరో పడిపోయారట. మామూలుగా అయితే హారన్ కొట్టి పిలిచేవాణ్ని. చేతులు రాక, అరుగు దాకా నడిచి వెళ్లి మెల్లగా చెప్పాను. సిస్టర్ అవ్వ చెయ్యి వదలలేక అలాగే ఉండిపోయింది.

అవ్వే ఆ చెయ్యి విడిపించుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని, చాట ఒళ్లోకి లాక్కుంది.

"పోండ్రి బిడ్డా. ఆడ ఎవలు మంచం మీద ఉన్నరో."

సిస్టర్ లేచి బండి ఎక్కింది. నేను సైరన్ వేశాను.